పాత ఇంజను – ఇంటి పనిముట్లు

యంత్రం చెడిపోతే బాగుచేయించుకోవడం లోకంలో నిత్యం జరిగేదే. బజారుకు తీసుకువెళ్తే మెకానిక్కు ఉంటాడు. అతని దగ్గర పనిముట్లు ఉంటాయి. పక్క దుకాణంలో విడిభాగాలు ఉంటాయి. కాని ఆ యంత్రాన్ని తయారుచేసిన కర్మాగారమే మూతపడి, విడిభాగాలు అమ్మే దుకాణాలు ఒక్కొక్కటిగా వేరే సరుకులోకి మారిపోయి, దానిని విప్పడానికంటూ రూపొందిన ప్రత్యేక పనిముట్లు ఏ పాత పెట్టెలో తుప్పుపడుతున్నాయో ఎవరికీ తెలియని స్థితి ఏర్పడినప్పుడు ఆ పని బజారు నుంచి ఇంటి వసారాలోకి వస్తుంది. ఇంజను విప్పడానికి ముందే, దానిని విప్పే పనిముట్టును తయారుచేసుకోవలసి వస్తుంది.

మనదేశంలో ఈ స్థితి ఎదురైన మోటారు సైకిళ్లలో జావా, యెజ్డీలు ముఖ్యమైనవి. జావా పుట్టిల్లు నాటి చెకొస్లొవేకియా. 1929లో యానెచెక్ అనే పారిశ్రామికవేత్త జర్మనీకి చెందిన వాండరర్ సంస్థ నుంచి మోటారు సైకిలు నిర్మాణ హక్కులు పొంది, తన పేరులోని తొలి అక్షరాలకు ఆ సంస్థ పేరులోని తొలి అక్షరాలను చేర్చి ‘జావా’ అని నామకరణం చేశాడు. సంధులూ సమాసాలూ చదువుకొన్న తెలుగు విద్యార్థికి ఈ పేరు పుట్టుక వింతగా తోచదు. 1961లో మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం ఈ వాహనాలను మనదేశంలో తయారుచేయడం ప్రారంభించింది. తరువాతి దశకంలో అవే యెజ్డీ అనే పేరుతో వెలువడ్డాయి. 1996లో ఆ కర్మాగారం మూతపడింది. మద్రాసులో 1955లో మొదలైన బుల్లెట్‌కు ఈ దుర్గతి పట్టలేదు. దాని ఉత్పత్తి ఆగలేదు గనుక పాత బుల్లెట్‌కు కావలసిన సామాను నేటికీ దొరుకుతుంది. 2018లో జావా పేరుతోనూ, 2022లో యెజ్డీ పేరుతోనూ కొత్త వాహనాలు మార్కెట్టులోకి వచ్చిన మాట నిజమే. కాని వాటి ఇంజన్ల జాతి వేరు. వాటి విడిభాగాలు పాత బండికి పనికిరావు.

నిజామాబాదు నుంచి జగిత్యాలకు పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద మెట్‌పల్లి ఉంది. 2016 దాకా కరీంనగర్ జిల్లాలోనూ, ఆ తరువాత జగిత్యాల జిల్లాలోనూ భాగమైన ఈ పట్టణం ఖాదీకి పేరుపొందింది. చుట్టుపక్కల పసుపు చేలు, వరి పొలాలు. ఇళ్లలో బీడీలు చుట్టే స్త్రీలు. దుబాయికీ, మస్కట్టుకూ, సౌదీకీ వలసపోయిన పురుషులు. వలసపోయినవాని వస్తువులకు ఇంట్లో ఒక ప్రత్యేక స్థానం ఉంటుంది. వాటిని ఎవరూ వాడరు, ఎవరూ అమ్మరు. అటువంటి ఒక ఇంటిని ఇక్కడ ఊహించుకోవచ్చు. పశువుల కొట్టంలో గోనెసంచులు కప్పిన ఒక యెజ్డీ బండి. దాని యజమాని దుబాయిలో ఉన్నాడు. కొడుకు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. సిరిసిల్ల మరమగ్గాల షెడ్లలో ఫిట్టరుగా పనిచేసి వచ్చిన బాబాయి – ఆ ప్రాంతపు పిలుపులో ‘కాక’ – అదే వాడలో ఉంటున్నాడు. వేసవి సెలవుల్లో ఈ ఇద్దరూ కలిసి ఆ బండిని వసారాలోకి తోసుకువచ్చారు.

బండి కదిలింది గాని ఇంజను కదలలేదు. కిక్కు కొడితే కాలు రాతి మీద మోపినట్టయింది. మెకానిక్కుల మాటలో చెప్పాలంటే పిస్టను ‘పట్టేసింది’.

కాక మొదట పానా పట్టలేదు. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం గుండా అరగ్లాసు డీజిలు పోసి, గుడ్డతో రంధ్రం మూసి, ఇంటికి వెళ్లిపోయాడు. మరునాడూ అంతే; మూడోనాడూ అంతే. డీజిలు పలుచని నూనె. పిస్టను రింగులకూ సిలిండరు గోడకూ మధ్య ఏళ్ల తరబడి పేరుకొన్న తుప్పులోకి అది నెమ్మదిగా దిగుతుంది. దానికి కావలసినది కాలం మాత్రమే. పిల్లవాడికి ఈ నిరీక్షణ విసుగు పుట్టించింది. భారతంలో కర్ణుని రథచక్రం నేలలో దిగబడినప్పుడు భుజబలానికి కొరత లేదు. అయినా చక్రం పైకి రాలేదు. ఇనుము ఇనుమును పట్టుకొన్నప్పుడు కూడా బలం ఒక్కటే చాలదు. అయిదవ రోజున కాక బండిని నాలుగవ గేరులో వేసి, వెనుక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకొని వెంట్రుకవాసి ముందుకు, వెంట్రుకవాసి వెనుకకు ఊపడం మొదలుపెట్టాడు. పై గేరులో వెనుక చక్రమే పొడవైన మీటగా పనిచేస్తుంది. కిక్కు కడ్డీకి లేని ఓర్పు దానికి ఉంటుంది. సుమారు గంట తరువాత లోపల ఏదో సన్నగా గీసుకొన్నట్టు శబ్దం వచ్చి చక్రం చారెడు మేర తిరిగింది.

ఇక్కడ ఈ ఇంజను పనిచేసే తీరు కొంత తెలిసి ఉండాలి. యెజ్డీ ఇంజను రెండు స్ట్రోకుల జాతికి చెందినది. 250 నమూనాలో సిలిండరు వ్యాసం 65 మి.మీ., పిస్టను ప్రయాణించే దూరం 75 మి.మీ.; లెక్క కట్టి చూస్తే ఘనపరిమాణం దాదాపు 249 సి.సి. వస్తుంది. పిస్టను పైకి పోయేటప్పుడు తన పైనున్న పెట్రోలు, గాలి మిశ్రమాన్ని అదుముతుంది. అదే సమయంలో కిందనున్న క్రాంకు కేసులో వెలితి ఏర్పడి, కార్బొరేటరు నుంచి కొత్త మిశ్రమం లోపలికి వస్తుంది. పైన నిప్పు రగిలి పిస్టను కిందికి దిగేటప్పుడు ఆ కొత్త మిశ్రమం కేసులో అదుముడు పడి, సిలిండరు గోడలోని దారుల గుండా పైకి ఎగబాకుతుంది. కనుక క్రాంకు కేసు ఇంజనుకు పెట్టె మాత్రమే కాదు, ఊపిరితిత్తి కూడా. రెండు సగాలుగా చేసి బిగించిన ఆ అల్యూమినియం కేసు అతుకులో సూదిమొన అంత సందు ఉన్నా బయటి గాలి లోపలికి చొరబడుతుంది. మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది. దానితో కలిసి వచ్చే నూనె పాలూ తగ్గుతుంది. మంట వేడి పెరుగుతుంది. అల్యూమినియం పిస్టను ఉబ్బి సిలిండరు గోడను పట్టుకొంటుంది.

సిలిండరును పైకి లాగి తీయగానే పిస్టను మీద నిలువుగా సాగిన గీతలు కనిపించాయి. తుప్పు వల్ల పడే మచ్చలు వేరు, వేడి వల్ల పడే గీతలు వేరు. “కొట్టంల పెట్టినంక పట్టెయ్యలే. నడుస్తనే పట్టేసింది” అన్నాడు కాక. అంటే తండ్రి దుబాయి వెళ్లకముందే, బండి దారిలో ఉండగానే ఇంజను ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందో తెలియాలంటే కేసు విప్పాలి. కేసు విప్పాలంటే దానికి ఎడమవైపున ఉన్న క్లచ్చు, గొలుసు, క్రాంకు కొసన ఉన్న పళ్లచక్రం ముందు బయటికి రావాలి.

అసలు కష్టం ఆ పళ్లచక్రం దగ్గర ఎదురయింది. క్రాంకు కొస శంకువులా సన్నబడి ఉంటుంది. చక్రం ఆ ఏటవాలు మీదికి ఎక్కి, నట్టు బిగింపుతో గట్టిగా కూర్చుంటుంది. నట్టు తీసినా చక్రం కదలదు. నట్టు తీయడం కూడా తేలిక కాదు. పానా తిప్పితే క్రాంకు కూడా తిరిగిపోతుంది. కర్మాగారంలో దానిని పట్టి ఉంచడానికి ప్రత్యేక సాధనం ఉండేది. ఇక్కడ ఆ పని నైలాను తాడు చేసింది. సిలిండరును తిరిగి తాత్కాలికంగా బిగించి, పిస్టను సిలిండరు గోడలోని దారులను దాటి పైకి వచ్చిన తరువాత, ప్లగ్గు రంధ్రంలోంచి తాడును మెల్లగా లోపలికి తోశారు. పిస్టను ఆ మెత్తని ఉండకు ఆనుకొని ఆగింది. దారులు మూసుకొనకముందే తాడు దింపితే కొస దారిలో ఇరుక్కొని తెగుతుంది. తెగిన ముక్కను వెతకడం వేరే కథ. క్లచ్చును పట్టి ఉంచడానికి పనికిమాలిన పాత క్లచ్చు ప్లేటు ఒకటి తీసుకొని, దానికి రెండడుగుల ఇనుప పట్టీ వెల్డింగు చేయించారు. దానికి అయిన ఖర్చు వెల్డింగు కూలి మాత్రమే.

నట్టు వచ్చింది. చక్రం రాలేదు. పిల్లవాడి చేయి సుత్తె మీదికి పోయింది.

“కాకా, ఒక్క దెబ్బ కొడితే వస్తది గదా?”

“వస్తది. దాంతోటి కేసు గూడ పోతది.”

ఈ సమాధానంలో విజ్ఞానశాస్త్రం ఉంది. సుత్తె దెబ్బ చక్రానికి తగిలినా, ఆ బలం క్రాంకు గుండా బేరింగులకు, బేరింగుల గుండా కేసు గోడకు చేరుతుంది. బేరింగులోని ఉక్కు గుళ్లు తాము దొర్లే దారిలో గుంటలు పెడతాయి. రెండుగా చేసి నొక్కి కూర్చిన క్రాంకు వరుస తప్పుతుంది. పళ్లచక్రానికి కావలసినది బయటివైపు లాగే బలం. సుత్తె ఇచ్చేది పక్కకు తోసే బలం. లాగే బలం చక్రానికీ క్రాంకు కొసకూ మధ్యనే పుట్టి అక్కడే తీరిపోవాలి, మూడోదానికి తగలకూడదు. ‘పుల్లరు’ అని పిలిచే సాధనం చేసేది ఇదే. దాని కొక్కేలు చక్రం వెనుక పట్టుకొంటాయి. మధ్యనున్న బోల్టు క్రాంకు కొసను తోస్తుంది. బోల్టు తిప్పినకొద్దీ చక్రం ఒకవైపు, క్రాంకు మరొకవైపు.

కాక పుల్లరు తయారుచేశాడు. పది మిల్లీమీటర్ల మందం గల ఇనుప పట్టీ ముక్క మధ్య రంధ్రం చేయించి దానికి పెద్ద నట్టును వెల్డింగు చేయించాడు. రెండు కొసల దగ్గర రెండు చేతులు. వాటి చివరలను కొలిమిలో వంచి, ఆకురాయితో రాచి, చక్రం పళ్ల వెనుక సందులో పట్టేటంత పలచగా చేశాడు. ఈ మొదటి పుల్లరు ఓడిపోయింది. బజారులో దొరికిన మామూలు బోల్టు మర చుట్లు, నాలుగు తిప్పులు తిప్పగానే పిండిలా రాలిపోయాయి. బోల్టు తల మీద అంకెలు ఉంటాయని పిల్లవాడు మొదటిసారి ఆ రోజే గమనించాడు. 8.8 అని ఉంటే మొదటి 8, ఆ ఉక్కు చదరపు మిల్లీమీటరుకు సుమారు 800 న్యూటన్ల లాగుడు తట్టుకొంటుందని సూచిస్తుంది. ఏ అంకే లేని బోల్టు సాధారణంగా అందులో సగం బలమైనా హామీ ఇవ్వదు. లారీల పాత సామాను నుంచి ఏరుకొచ్చిన 8.8 బోల్టు, దానికి తగిన నట్టు అమర్చారు. మరకు గ్రీజు రాశారు. బిగించగలిగినంత బిగించి, ఇక తిరగదనిపించినచోట ఆపి, అలాగే వదిలిపెట్టి భోజనానికి లేచారు. బిగువులో ఉన్న ఇనుము తన పని తాను చేసుకొంటుంది. సాయంత్రం చక్రం ‘టక్’మని ఊడి గొలుసుతో సహా చేతిలోకి వచ్చింది.

ఇటువంటి సాధనాన్ని బజారులో కొనవచ్చు కదా అని ప్రశ్న వేయవచ్చు. నేడు కొన్ని రకాలు దొరుకుతాయి. కాని కొన్నవానికి ఆ సాధనం ఎందుకు అలా ఉందో తెలియవలసిన అవసరం ఉండదు. తయారుచేసినవాడు మాత్రం ఆ భాగం దేనిని పట్టుకొని ఉంది, ఎటు జరగగలదు, ఎక్కడ ఆనడానికి చోటుంది అని ముందుగా చూసి తీరాలి. ఈ చూపు చేనేత వృత్తిలోనూ గొప్ప ఫలితం ఇచ్చింది. నాటి నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి లక్ష్మి ఆసు పోస్తూ రోజంతా వేలాదిసార్లు చేయి తిప్పడం చూశాడు. ఒక చీరకు సుమారు 9,000 సార్లు చేయి అటూ ఇటూ తిరగవలసి ఉండేది. 1992లో మొదలుపెట్టి, చేతిలో డబ్బు లేక మధ్యలో ఆగి, హైదరాబాదులో ఎలక్ట్రీషియను కూలి చేసుకొంటూ, 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆయన ఆ యంత్రాన్ని తల్లి చేయి కదిలిన తీరును గమనించి కట్టాడు.

మెట్‌పల్లి వసారాలో ఇక కేసును రెండుగా విడదీయాలి. మరలన్నీ విప్పిన తరువాత అట్టముక్క మీద కేసు బొమ్మ గీసి, ఏ మర ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టారు. పొడవులో తేడా ఉన్న మరను మార్చి బిగిస్తే కేసు పగులుతుంది. కేసు సగాలను పట్టి ఉంచినవి ఇక బేరింగులే. ఉక్కు బేరింగు అల్యూమినియం గూటిలో బిగువుగా కూర్చుని ఉంటుంది. ఆ బిగువును వదిలించడానికి కాక ఎంచుకొన్న సాధనం జొన్నరొట్టెలు చేసే పాత ఇనుప పెనం. కేసును ముందుగా కిరోసినుతో కడిగి, గంటల తరబడి ఎండలో ఆరబెట్టి, పెట్రోలు వాసన పూర్తిగా పోయిన తరువాతే, వాకిట్లో, పెట్రోలు డబ్బాకు దూరంగా, పెనంలో ఇసుక పోసి దాని మీద పెట్టారు. ఈ జాగ్రత్త పాటించనివారు ఈ పనికి పూనుకోకూడదు. నీటిచుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోయేదాకా వేడిచేశారు. అంటే నూరు డిగ్రీలు దాటింది.

అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు విస్తరిస్తుంది. 50 మి.మీ. వ్యాసం గల అల్యూమినియం గూడు 80 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.09 మి.మీ. పెద్దదవుతుంది, అదే వేడికి ఉక్కు బేరింగు 0.05 మి.మీ. దాకా పెరుగుతుంది. మిగిలిన 0.04 మి.మీ. తేడా తల వెంట్రుక మందం కంటే తక్కువ. అయినా ఆ తేడాయే బేరింగును వదిలించింది. ఈ ధర్మం మన పల్లెలకు కొత్తది కాదు. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేటప్పుడు పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చక్రం మీద దించి, వెంటనే నీళ్లు పోసేవారు. చల్లారిన పట్టా కుంచించుకొని కర్రను బిగించేది. అక్కడ బిగించడానికి వాడిన వేడిని ఇక్కడ వదిలించడానికి వాడారు. కర్ర సుత్తితో రెండుసార్లు తట్టగానే కేసు తలుపులా తెరుచుకొంది.

అప్పుడు కనిపించింది అసలు సంగతి. అతుకు అంచున, కింది భాగంలో, బొటనవేలి గోరంత ఉలిగాటు. అంతకుముందెప్పుడో ఈ ఇంజను విప్పినవారు ఎవరో పుల్లరు లేక, పెనం లేక, అతుకులో శానం పెట్టి సుత్తెతో కొట్టి తెరిచారు. ఆ గాటులో జిగురు నింపి మూసేశారు. జిగురు ఎండి, పగిలి, ఆ సందులోంచి గాలి పీల్చుకొంటూ బండి కొంతకాలం నడిచింది. తరువాత పట్టేసింది. చెడిపోయిన బండి అమ్మినా రూపాయి రాదని కొట్టంలో పెట్టి ఆ ఇంటాయన విమానం ఎక్కాడు. ఒక్క నిమిషం ఆదా చేసిన ఉలిదెబ్బ బండిని ఏళ్ల తరబడి గోనెసంచుల కింద ఉంచింది. కాక ఆ గాటును చాలాసేపు చూశాడు. విప్పినవారిని తిట్టలేదు. అటువంటి పని సిరిసిల్లలో తానూ చిన్నతనంలో చేసి ఉండవచ్చు.

గాటును సరిచేయడానికి మూడు రోజులు పట్టింది. పైకి లేచిన అంచులను సన్నని ఆకురాయితో సమం చేశారు. లోహపు పొడి కలిసిన ఎపాక్సీతో గుంటను పూడ్చారు. అది పూర్తిగా గట్టిపడిన తరువాత, పాత అల్మారా నుంచి తీసిన మందపాటి అద్దం మీద నూనె రాసిన గరుకు కాగితం పరచి, కేసు ముఖాన్ని దాని మీద ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా రాచారు. అద్దాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. సామాన్యుల ఇంట్లో దొరికే వస్తువుల్లో అద్దమంత చదునైనది అరుదు. మధ్యమధ్య కేసు ముఖానికి నీలిసిరా పూసి మళ్లీ రాస్తే, ఎక్కడ సిరా మిగిలిందో అక్కడ ఇంకా పల్లం ఉన్నట్టు. చివరకు సిరా అంతటా ఒకేలా చెరిగింది.

అన్నీ ఇంట్లో అయ్యే పనులు కావు. గీతలు పడిన సిలిండరును కొత్త పిస్టనుకు తగినట్టు తొలిచి పెద్దది చేయడం లేత్, బోరింగు మిషన్లు ఉన్న చోటనే జరగాలి. దానిని కరీంనగర్ పంపించారు. ఆయిలు సీళ్లు కొత్తవే వేయాలి. పాతవి తిరిగి వేయడం లోభమే అవుతుంది. ఇంటి పనికి హద్దు ఎక్కడో తెలియడం కూడా పనితనంలో భాగమే.

ఈ హద్దును ఎవ్వరూ ఊహించనంత దూరం జరిపిన మనిషి ఒకడు న్యూజీలాండులో ఉండేవాడు. పేరు బర్ట్ మన్రో. 1899లో ఆ దేశపు దక్షిణ కొసనున్న ఇన్వర్‌కార్గిల్ ప్రాంతంలో పుట్టాడు. 1920లో ‘ఇండియన్ స్కౌట్’ అనే మోటారు సైకిలు కొన్నాడు. పేరు ఇండియన్ అయినా అది అమెరికా సంస్థ తయారుచేసినది. 600 సి.సి. ఇంజను, గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్లు, అంటే సుమారు 88 కిలోమీటర్లు. మన్రో దానిని జీవితాంతం విప్పుతూ, మారుస్తూ, బిగిస్తూ ఉన్నాడు. ధనవంతుడు కాదు, మోటారు సైకిళ్ల అమ్మకందారుగా పనిచేసేవాడు. పగలు ఉద్యోగం, రాత్రి షెడ్డు. పిస్టన్లను పాత డబ్బాల్లో లోహం కరిగించి పోతపోసేవాడు. సిలిండర్లను, ఫ్లైవీళ్లను స్వయంగా తయారుచేసుకొన్నాడు. కనెక్టింగు రాడ్లను ఉక్కు ఇరుసు నుంచి చేత్తో రాచి తీశాడు. సన్నని కొలతలు చూడడానికి సైకిలు చక్రపు పుల్లతో కొలత సాధనం చేసుకొన్నాడు.

పగిలిన పిస్టన్లను, విరిగిన రాడ్లను ఆయన పారవేయలేదు. షెడ్డులో ఒక అర మీద వరుసగా పేర్చి, అవి వేగదేవతకు అర్పించిన నైవేద్యాలని అర్థం వచ్చే మాట దాని మీద రాసుకొన్నాడు. ఎన్నిసార్లు ఓడిపోయాడో లెక్క చెప్పే అర అది. సాధారణంగా విజేతల చరిత్రల్లో ఇటువంటి అరకు చోటు దొరకదు. 1967 ఆగస్టులో అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో, 68 ఏళ్ల వయసులో, 47 ఏళ్ల వయసున్న ఆ బండి మీద గంటకు 183.59 మైళ్ల వేగంతో వెయ్యి సి.సి. లోపు తరగతిలో రికార్డు సాధించాడు. అప్పటికి ఇంజను 950 సి.సి.కి పెరిగింది. 1978లో మన్రో మరణించాడు. 2005లో ఆయన జీవితం ఆధారంగా చలనచిత్రం వచ్చింది. 2014లో ఆయన కుమారుడు నాటి లెక్కలో తప్పును గుర్తించగా, ఆ వేగం 184.087 మైళ్లుగా, అంటే గంటకు సుమారు 296 కిలోమీటర్లుగా సవరించబడింది. ఇనుములో వెంట్రుకవాసి తేడా సహించనివాని పేర కాగితం మీద తప్పు 47 ఏళ్లు నిలిచి ఉండడం విచిత్రమే.

మన్రో చక్రపు పుల్లను వాడినట్టే మెట్‌పల్లిలోనూ సైకిలు పుల్ల పనికివచ్చింది. సిలిండరు తిరిగి వచ్చిన తరువాత ఇంజను కూర్చారు. రెండు స్ట్రోకుల ఇంజనులో రింగు కొసలు గోడలోని దారుల్లో తట్టుకోకుండా పిస్టను గాడిలో చిన్న మేకు ఉంటుంది. రింగు సందు ఆ మేకు దగ్గరే కూర్చోవాలి. కొత్త రింగును ముందుగా ఒంటరిగా సిలిండరులో దింపి కొసల మధ్య సందు చూశారు. హాక్సా బ్లేడు మందం సుమారు 0.6 మి.మీ. ఉంటుంది. పాత రింగు సందులో ఆ బ్లేడు తేలికగా దూరింది, కొత్తదానిలో దూరలేదు. నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో నిర్ణయించడానికి పుల్ల మీద మిల్లీమీటరు గీతలు గీసి ప్లగ్గు రంధ్రంలోంచి దింపారు. పిస్టను శిఖరానికి చేరడానికి ఎన్ని మిల్లీమీటర్ల ముందు పాయింట్లు విడివడాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. పాయింట్ల మధ్య పలుచని కాగితం పెట్టి మెల్లగా లాగుతూ, క్రాంకును తిప్పుతూ పోతే, కాగితం వదులైన క్షణమే పాయింట్లు విడిన క్షణం. సిగరెట్టు పెట్టెలోని పలుచని కాగితం ఇందుకు సరిపోయింది.

మొదటి కిక్కుకు ఏమీ జరగలేదు. పదో కిక్కుకూ జరగలేదు. పెట్రోలు కొళాయి జల్లెడలో తుప్పు అడ్డుపడి ఉంది, విప్పి కడిగారు. ఆ తరువాత రెండో కిక్కుకు ఇంజను దగ్గింది. నాలుగో కిక్కుకు అందుకొంది. లోపల మిగిలిపోయిన నూనె, డీజిలు కాలి రెండు సైలెన్సర్ల నుంచీ తెల్లని పొగ వసారా నిండా కమ్ముకొంది. కాక సబ్బునురుగును అతుకు వెంబడి పూసి, ఆగిన ఇంజనును చేత్తో తిప్పించి, ఎక్కడా బుడగ లేవలేదని చూసుకొన్న తరువాతే చేతులు కడుక్కొన్నాడు. పిల్లవాడు ఫోనులో ఆ శబ్దాన్ని దుబాయికి వినిపించాడు. అవతలి నుంచి కొంతసేపు మాట రాలేదు. తరువాత, “ఇంజన్ ఎవలు ఇప్పిండ్రు?” అని మాత్రం వినిపించింది.

“నేనూ కాకా.”

బండి తిరిగి వసారాలోనే ఉంది. తాడు, పెనం, అద్దం, సైకిలు పుల్ల, క్లచ్చు పట్టుకొనే కడ్డీ గోడకు వేలాడుతున్నాయి. పుల్లరు మాత్రం అక్కడ లేదు. కోరుట్లలో మరొక పాత బండి విప్పుతున్నవారు అడిగితే ఇచ్చి పంపారు.

అభ్యాసం

ఈ క్రింది ప్రశ్నలకు సమాధానాలు రాయండి.
1. రెండు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు కేసు అతుకుకు ఉన్న ప్రాధాన్యం ఏమిటి? ఉలిగాటు ఇంజనుకు చేసిన హానిని క్రమంగా వివరించండి.
2. పుల్లరు చేసే పనికీ సుత్తె చేసే పనికీ గల భేదాన్ని తెలపండి.
3. ఎడ్లబండి చక్రానికి పట్టా ఎక్కించడంలోనూ, కేసును విప్పడంలోనూ ఉన్న సమాన ధర్మం ఏది?

సందర్భసహిత వ్యాఖ్య రాయండి.
“వస్తది. దాంతోటి కేసు గూడ పోతది.”